ఆఖరి పళ్ళెం

జీవితంలోంచి జీతాన్ని తీసేస్తే మిగిలేది ‘వి’ ఒక్కటేనట. విసుగు, విచారం, విధి, అన్నీ ఆ అక్షరంతోనే మొదలవుతాయట. మనోహరం సార్ ఆ మాట అన్నప్పుడు రూమంతా పగలబడి నవ్వింది. నర్సింగ్ అయితే కళ్ళనీళ్ళు తుడుచుకున్నాడు. అవి నవ్వితే వచ్చిన నీళ్ళే. రెండో రకం నీళ్ళకి ఇంకా టైముంది.

అది 2016 ఎండాకాలం. ఒమన్‌లో ఇబ్రి ఊరు దాటాక, రాళ్ళ గుట్టల పక్కన, రేకుల గదుల క్యాంపు. రెండేళ్ళుగా చమురు ధర జారుతోంది. చమురన్నాక జారక ఏం చేస్తుందని మొదట్లో ఎవరూ పట్టించుకోలేదు. అది జారి జారి సర్కారు ఖజానా మీద, అక్కణ్ణుంచి కాంట్రాక్టుల మీద, అక్కణ్ణుంచి వీళ్ళ కంపెనీ కడుతున్న స్కూలు బిల్డింగు మీద పడింది. రెండంతస్తులు లేచిన బిల్డింగు, మూడో అంతస్తు కోసం ఇనప చువ్వలు ఆకాశంలోకి చాపి అలాగే నిలబడిపోయింది. ముదీర్ వచ్చి, పైనుంచి డబ్బు రావట్లేదు, పని బంద్, జీతాలు తర్వాత అని చెప్పి బండెక్కాడు. ముదీర్ అంటే అరబ్బీలో మేనేజరు. “మేనేజరు కాదర్రా, ముదురు,” అన్నాడు మనోహరం సార్. దానికీ నవ్వారు.

జీతం బదులు నెలకోసారి డ్రైవర్ ఖాదర్ పికప్పులో బియ్యం బస్తాలు, పప్పు, నూనె డబ్బా దించి వెళ్ళేవాడు. ఇంటికి పోదామంటే పాస్‌పోర్టులు కంపెనీ దగ్గరున్నాయి. ఉందామంటే డ్యూటీ లేదు. మిగిలింది తినడం ఒక్కటే, అదీ ఖాదర్ దయ.

రూములో ఎనిమిది మంది. మెస్‌కి లీడర్ నర్సింగ్, నిర్మల్ దగ్గరి పల్లెవాడు, ఇనుము కట్టే స్టీల్ ఫిక్సర్. లీడరంటే ఎన్నికలేమీ జరగలేదు. గొడవైతే అందరూ అతని మొహం వంక చూస్తారు, అంతే. వడ్రంగి ఇస్తారి కాక అందరిలోకీ పెద్ద. మేస్త్రీ గురవయ్య అందరిలోకీ గట్టి, అంటే నోటికి. జగిత్యాల వైపు వాళ్ళు ముగ్గురు గురవయ్య ఎటంటే అటు. మనోహరం సార్‌ది పాలకొల్లు దగ్గర. అక్కడ ప్రైవేటు స్కూల్లో సోషల్ చెప్పి, ఆ జీతం చాలక ఇక్కడికొచ్చి టైమ్‌కీపర్ అయ్యాడు. సైట్ ఆగాక ఆయనకి కీప్ చెయ్యడానికి టైము తప్ప ఇంకేమీ లేకుండా పోయింది.

ఎనిమిదోవాడు ఎహసాన్. బంగ్లాదేశ్ వాడు, నర్సింగ్‌కి పనిలో జోడీ. ఏళ్ళ తరబడి ఇద్దరూ ఒకే చువ్వకి చెరోవైపు గొంతుక్కూర్చుని తీగ బిగించారు. వాళ్ళిద్దరి మధ్య మాటలు తక్కువ. ఒకడు చెయ్యి చాపితే రెండోవాడు ప్లయ్యర్ అందించేవాడు. రూములో వంట కూడా ఎహసాన్‌దే. అతను తాలింపు పెడితే పక్క రూములవాళ్ళకి కూడా ఈ రూమే సొంత రూమనిపించేదని ఇస్తారి కాక అనేవాడు.

మెస్‌కో పద్ధతి ఉంది. మనోహరం సార్ పొద్దున్నే బియ్యం కొలిచి, రాళ్ళేరి, కడిగి పెడతాడు. ఎహసాన్ వండుతాడు. వంటగది గోడకి ఎనిమిది మేకులు, ఎనిమిది పళ్ళాలు. రోజుకొకరు ఆఖర్న వడ్డించుకోవాలి, వంతులవారీగా.

సాయంత్రం ఎండ గుట్ట వెనక్కి పోగానే గదుల నీడలో చాపలు పడేవి.

“సారూ, గిసొంటి కాలం దునియాల ఎన్నడన్న అచ్చిందా?” అని ఒకరోజు ఇస్తారి కాక అడిగాడు.

“రాకేం కాకా! నేను పిల్లలకి చెప్పిన పాఠమే అది. పందొమ్మిది వందల ముప్పైల్లో ప్రపంచం మొత్తానికీ ఒకేసారి వచ్చింది. ఆర్థిక మాంద్యం అన్నారు దాన్ని. దాంతోపాటు జనానికి అగ్నిమాంద్యం కూడా వచ్చుంటే గొడవే లేకపోను, ఆకలే వేసేది కాదు.”

అలా మొదలైంది. రోజుకో దేశం. అమెరికాలో ముందున్న సర్కారు, కంగారు పడకండి, బజారు దానంతటదే లేస్తుందంది. బజారు లేవలేదు, జనమే బజార్న పడ్డారు. తర్వాత వచ్చిన సర్కారు ఖాళీగా ఉన్నవాళ్ళని పిలిచి ఆనకట్టలు కట్టించింది, చెట్లు నాటించింది. ఇంగ్లండ్‌లో కోత పెట్టారు. పని లేనివాడికిచ్చే భత్యం తగ్గించి, ఇంట్లో ఇంకా అమ్ముకోడానికి ఏం మిగిలిందో చూడ్డానికి మనుషుల్ని పంపారు. బ్రెజిల్‌లో ధర పడిపోకుండా కాఫీ గింజల్ని బొగ్గులాగా కాల్చారు. “తాగేవాడికి కప్పు లేదు గానీ రైలింజనుకి డికాషన్!” అన్నాడు సార్.

రష్యా దగ్గరికి వచ్చేసరికి ఆయన గొంతు తగ్గింది. “వాళ్ళు మాకు మాంద్యమే లేదన్నారు. ఫ్యాక్టరీలు నిజంగానే మోగాయి. ఆ ఫ్యాక్టరీలకి మిషన్లు కొనాలిగా, అందుకని పల్లెల్లో గింజలన్నీ ఊడ్చి ఓడలెక్కించారు. పండించినవాళ్ళు పస్తులుండి లక్షల్లో పోయారు.” ఆ రోజు శ్లేష వెయ్యలేదు.

“మరి మన దిక్కు?” అన్నాడు కాక.

“తెల్లదొరల ఏలుబడిలో ఆడవాళ్ళ ఒంటిమీది బంగారం ఓడలెక్కి లండన్ పోయింది.”

“మా తాత కాలంల ఇంట్ల ఎండి కడియాలు పోయినయని మా అవ్వ చెప్తుండె. గిదే గావచ్చు,” అన్నాడు కాక. చాలాసేపు తన కాళ్ళవైపే చూస్తూ కూర్చున్నాడు.

నర్సింగ్ ఈ కథలు కథల్లాగా వినలేదు. ఎనిమిది కడుపుల సర్కారు తనదీ. ఇంగ్లండ్ లాగా కోత పెట్టి చూశాడు. పూటలు తగ్గాయి, మనిషికి ఒక్క గ్లాసు బియ్యమే అని రూలొచ్చింది. అమెరికా లాగా పని పుట్టించి చూశాడు. దగ్గర్లో ఒక ఒమానీ ఆసామి ఖర్జూర తోటకి నీళ్ళొచ్చే కాలువ పూడిపోతే, అందర్నీ తీసుకెళ్ళి పూడిక తీయించాడు. ఆసామి ఖర్జూరాలు, ఉల్లిపాయలు, ఒక రోజు చేపలు కూడా ఇచ్చాడు. కాలువ బాగుపడింది గానీ, ఒకసారి బాగుపడ్డ కాలువకి మళ్ళీ మనుషులతో పనుండదు. ఇళ్ళనుంచి వచ్చిన పచ్చళ్ళన్నీ ఒకచోట పెట్టించాడు. “పచ్చడిని మనం జాతీయం చేస్తే గురవయ్య జాడీయం చేసుకున్నాడర్రా,” అన్నాడు సార్, గురవయ్య దుప్పట్లోంచి ఆవకాయ వాసన పట్టి.

బియ్యం తగ్గేకొద్దీ భయం పెరిగింది. ఆ భయంలోనే అందరి చూపూ ఆఖరి పళ్ళెం మీద పడింది.

“ఎనిమిది గిలాసలు పోస్తే ఎనిమిది పళ్ళాలు నిండాలె గదన్నా,” అన్నాడు గురవయ్య. ఆరోజు ఆఖరి వంతు అతనిది. “ఏడు నిండుతున్నయ్. ఎనిమిదోది సగమే. రోజూ గంతే. ఆ సగం ఎటు పోతంది?”

 ముద్ద దొరకని చోట ముద్దాయి తొందరగానే దొరుకుతాడు. వంటగదిలో ఒంటరిగా ఉండేది ఎవరు? ఎహసాన్. మధ్యాహ్నం మూతపెట్టిన టిఫిన్ డబ్బా పట్టుకుని పక్క క్యాంపుకి పోయేది ఎవరు? ఎహసాన్.

“గంజి హై భాయ్,” అన్నాడతను. అన్నం వార్చాక వీళ్ళు పారబోసే గంజే. పక్క క్యాంపులో తన ఊరివాడు జ్వరంతో పడున్నాడు, ఉప్పేసి తాగిస్తున్నానన్నాడు.

“అయితే మూత తియ్. చూస్తం.”

ఎహసాన్ మూత తియ్యలేదు. డబ్బా చేత్తో పట్టుకుని నర్సింగ్ వైపు చూశాడు. “ఇత్‌నే సాల్ మేరే హాథ్ కా ఖాయా,” అన్నాడు. ఇన్నేళ్ళు నా చేతి అన్నం తిని, ఇప్పుడు నా డబ్బా మూత తియ్యమంటారా అని. నర్సింగ్ ఒక్క మాట అంటే అక్కడితో తెగిపోయేది. వదిలెయ్యమని గురవయ్యకి చెప్పినా సరే, తియ్యమని తనే అడిగినా సరే. అతను రెండూ అనలేదు. ఎహసాన్ డబ్బాతో వెళ్ళిపోయాడు. తియ్యని మూతని చూసి రూమంతా నేరం ఒప్పుకున్నట్టే అనుకుంది.

ఆ సాయంత్రం మనోహరం సార్ అడక్కుండానే పాఠం ఎత్తుకున్నాడు. “ఇంకో దేశం మిగిలింది. జర్మనీ. అక్కడ పని లేని జనం వీధుల నిండా. కొత్తగా వచ్చిన సర్కారు ఏమందో తెలుసా? మీ ఆకలికి కారణం బజారు కాదు, మీ పక్కింటివాడు అంది. యూదులని వేరు చేసి చూపించింది. ముందు వాళ్ళ కొట్లలో కొనొద్దంది. తర్వాత ఉద్యోగాలు తీసింది. తర్వాత ఇళ్ళు, తర్వాత ప్రాణాలు. నింద పడ్డవాడికి నిద్ర లేదు, వేసినవాడికి మాత్రం హాయిగా పట్టిందట.”

చివరి మాటకి ఇద్దరు నవ్వారు. గురవయ్య నవ్వలేదు.

“మరి ఆళ్ళకు పనులు దొరికినయా లేదా సార్?”

“దొరికాయి. రోడ్లు వేశారు, తుపాకులు చేశారు.”

“దొరికినయి గద!”

“తుపాకులు చేసే పని దొరికింది నాయనా. ఆ తర్వాత తుపాకులకి ఎదురు నిలబడే పని కూడా వాళ్ళకే దొరికింది.”

“గది తర్వాతి ముచ్చట,” అన్నాడు గురవయ్య. అని నర్సింగ్ వైపు తిరిగాడు. “అన్నా, ఆని పళ్ళెం దించుతవా, మమ్ముల వేరే వండుకోమంటవా?”

జగిత్యాల ముగ్గురూ తలలూపారు. ఇస్తారి కాక చాప అంచు గీరుతూ కూర్చున్నాడు. ఉన్న బియ్యాన్ని రెండు పొయ్యిల మీదికి చీలిస్తే ఎవరికీ నిలవదు. మెస్ విరిగితే రూమ్ విరుగుతుంది. నర్సింగ్ లేచి లోపలికెళ్ళి మేకుకున్న పళ్ళెం దించాడు. దించుతున్నంతసేపూ తను మెస్‌ని కాపాడుతున్నాననే అనుకున్నాడు.

ఎహసాన్ పరుపు చుట్టుకున్నాడు. అతని వంతు బియ్యం సంచిలో పోసి నర్సింగ్ గుమ్మం దగ్గర పెడితే, దాని పక్కనుంచే దాటుకుని, ఆగిపోయిన బిల్డింగు వైపు నడిచాడు.

మర్నాడు వంట నర్సింగ్ చేశాడు. ఏడు గ్లాసుల బియ్యం, ఏడు పళ్ళాలు. ఆఖరి వంతు తనే. ఆరు పళ్ళాలు నిండాయి. గరిటె అడుగుకి తగిలింది. ఏడో పళ్ళెంలో సగం.

ఎహసాన్ లేడు. తక్కువ మాత్రం ఉంది.

అందరూ చూశారు. గురవయ్య ముద్ద కలుపుకుంటూ, “అన్నకు వండొస్తలేదు. మాడిపోయినట్టుంది అడుగున,” అన్నాడు. అడుగున ఏమీ మాడలేదు. గిన్నె తెల్లగా ఉంది. తోమాల్సింది నర్సింగే కాబట్టి అది అతనొక్కడికే తెలుసు.

మరుసటి పొద్దున అతను తొందరగా లేచి వంటగది గుమ్మంలో నిలబడ్డాడు. మనోహరం సార్ ఏడు గ్లాసులు కొలిచి పళ్ళెంలో పోసుకున్నాడు. ఓపిగ్గా రాళ్ళేరాడు. తర్వాత ఒక్క క్షణం కళ్ళు మూసుకుని, పెదవులు కదిపి, ఆ బియ్యంలోంచి పిడికెడు తీసి, గూట్లో ఉన్న పాలపొడి డబ్బాలో పోశాడు. మిగిలినవి కడగడానికి కుళాయి తిప్పాడు.

“గదేంది సార్?”

“ఏది? ఇదా? దేవుడి వాటా తమ్ముడూ. ఇక్కడికి మనల్ని పంపినవాళ్ళలో కమీషన్ అడగని ఏజెంటు ఆయనొక్కడే. ఆయనకి మనమే గుర్తుపెట్టుకుని ఇవ్వాలి.”

నర్సింగ్‌కి గుర్తొచ్చింది. సార్ రూముకి వచ్చిన కొత్తల్లోనే ఈ మాట అన్నాడు. దేవుడికి తియ్యకపోతే రేపు దేవులాడుకోవాల్సి వస్తుందని కూడా అన్నాడు. ఎన్నిసార్లన్నాడో. అన్నప్పుడల్లా నవ్వారు. సార్ నోట్లోంచి వచ్చేవన్నీ నవ్వడానికే అనుకున్నారు గానీ, అందులో ఒకటి నిజమై ఉంటుందని ఎవరికి తడుతుంది?

“నిజంగనే తీస్తవా సార్? రోజూ?”

“రోజూ. మా వైపు చర్చికెళ్ళే ప్రతి ఇంట్లోనూ ఉన్నదేనయ్యా. ఎసట్లో పోసే ముందు అమ్మ ఒక పిడికెడు పక్కన పెట్టేది. ఆదివారం అవన్నీ చర్చికి పట్టుకెళ్ళేవాళ్ళం. ఇక్కడ శుక్రవారం ప్రార్థన మన మణికుమారి సిస్టర్ ఫ్లాట్‌లో కదా, ఆస్పత్రి నర్సుగారు. అక్కడిస్తాను. ఈ బియ్యం మనకంటే అన్యాయంగా ఉన్న క్యాంపులకి పంపుతున్నారావిడ. అక్కడైతే ఖాదర్ లాంటివాడు కూడా రావట్లేదట.”

నర్సింగ్ గోడ వైపు చూపించాడు. ఏడు పళ్ళాలు, ఒక ఉత్త మేకు.

సార్‌కి అర్థం కావడానికి కొంచెం సేపు పట్టింది. మంచి రోజుల్లో అన్నం మిగిలి ఆసామి మేకలకి పోయేది. అప్పుడు పిడికెడు ఎవరికి కనిపిస్తుంది? మనిషికి ఒక్క గ్లాసే అయ్యాక, ఆ పిడికెడే ఉడికి ఆఖరివాడి సగం పళ్ళెమైంది.

“అదెలా తమ్ముడూ,” అన్నాడు, కుళాయి కట్టకుండానే. “మా ఇంట్లో అంతమందిమి ఉండేవాళ్ళం. అమ్మ రోజూ తీసేది. ఎవరికీ ఏనాడూ తక్కువ పడలేదు. నాన్నకి, మాకు, నాయనమ్మకి, అందరికీ నిండుగా...”

నీళ్ళు బియ్యం మీదినుంచి పొర్లి సింకులోకి పోతున్నాయి.

“అమ్మ ఆఖర్న తినేది,” అన్నాడు. “మేమందరం లేచిపోయాక. ఆవిడ పళ్ళెం నేనెప్పుడూ చూడలేదు.”

ఆ మాట మీద ఆయన శ్లేష వెయ్యలేదు. నర్సింగ్ చెయ్యి చాపి కుళాయి కట్టేశాడు.

మధ్యాహ్నం అందరూ కూర్చున్నాక మనోహరం సార్ డబ్బా పట్టుకుని నిలబడ్డాడు. “తక్కువ పడుతున్న అన్నం ఎహసాన్ తియ్యలేదు. నేను తీశాను.”

“సార్ మళ్ళ మొదలువెట్టిండు!” అన్నాడు గురవయ్య. జగిత్యాల ముగ్గురూ నవ్వారు. ఆయన దేవుడి వాటా అన్నాడు, ఇంకా నవ్వారు. అమ్మ అన్నాడు, పిడికెడు అన్నాడు, డబ్బా ఎత్తి చూపించాడు. అది కూడా నటనే అనుకుని ఒకడు చప్పట్లు కొట్టాడు. అప్పుడు నర్సింగ్ లేచి ఆయన చేతిలో డబ్బా తీసుకుని, ఉత్త పళ్ళెంలోకి వంచాడు. వారం బియ్యం జలజలా పడి కుప్పైంది. నవ్వు ఆగింది.

“మరి ముందుగాలనే చెప్పొద్దా సార్?” అన్నాడు గురవయ్య చివరికి.

“చెబుతూనే ఉన్నానయ్యా. మీరు నవ్వుతూనే ఉన్నారు.”

“అయితే ఇగ సార్ పళ్ళెమే దించాలె,” అన్నాడు గురవయ్య. ఎగతాళికి అన్నాడో నిజంగా అన్నాడో అతనికే తెలియదు. కానీ ముగ్గురిలో ఒకడి కళ్ళు అప్పుడే మేకుల వైపు వెళ్ళాయి. అది నర్సింగ్ చూశాడు. ఒకసారి పళ్ళెం దించడం అలవాటైన చెయ్యి రెండోసారికి ఆలోచించదని అతనికి తెలిసొచ్చింది.

“ఇగ ఈ గోడ మీదికెంచి ఎవ్వని పళ్ళెం దిగది,” అన్నాడు. “దించాలంటే ముందుగాల నాది దించున్రి.”

“బియ్యం తీసింది సార్. పళ్ళెం తీసింది మనం,” అన్నాడు ఇస్తారి కాక. ఇన్ని రోజుల్లో ఈ సంగతి మీద ఆయన నోరు విప్పడం అదే మొదలు. “నేను గూడ. కూసున్న గద ఉత్తగ.”

నర్సింగ్, మనోహరం సార్ బిల్డింగుకి నడిచారు. ఎహసాన్ రెండో అంతస్తు మీద, గోడ నీడలో ఉన్నాడు. పైకి లేచిన చువ్వలకి వదులైన తీగలు ఒక్కొక్కటే బిగిస్తున్నాడు. ఆ పని చెయ్యమని ఎవరూ చెప్పలేదు, చేసినందుకు ఎవరూ ఏమీ ఇవ్వరు. పక్కన టిఫిన్ డబ్బా, మూత తీసి ఎండబెట్టి ఉంది.

మనోహరం సార్ తనకొచ్చిన హిందీలో అంతా చెప్పాడు. ఆయన హిందీకి మామూలు రోజుల్లో ఎహసాన్ నవ్వేవాడు. ఇప్పుడు విన్నాడు, తలూపాడు. “ఆప్‌కా గల్తీ నహీ, సాబ్,” అన్నాడు. దేవుడి పేరున తీసింది తప్పు కాదన్నాడు. తర్వాత నర్సింగ్ వైపు తిరిగాడు.

“గురవయ్య పూఛా, నహీ ఖోలా. తుమ్ పూఛ్‌తా, తో ఖోల్‌తా.”

వాడు అడిగాడు, తియ్యలేదు. నువ్వు అడిగుంటే తీసేవాణ్ణి. అంతే అన్నాడు. నర్సింగ్ చెయ్యి చాపాడు. ఎహసాన్ ఆ చేతిని చూసి, అలవాటు కొద్దీ ప్లయ్యర్ అందించాడు. మిగిలిన తీగలు ఇద్దరూ కలిసి బిగించి, ఎండ తగ్గాక కిందికి దిగారు.

పళ్ళెం మళ్ళీ మేకెక్కింది. మనోహరం సార్ బియ్యం కొలవడం మానేశాడు. దేవుడి వాటా మానలేదు. వడ్డించుకునేటప్పుడు తన అన్నంలోంచి ఒక ముద్ద తీసి మూకుట్లో పెట్టి, దాన్ని ఎహసాన్ గంజి డబ్బాతో పాటు పక్క క్యాంపుకి పంపిస్తున్నాడు. ఒకరోజు ఇస్తారి కాక తన పళ్ళెంలోది కూడా ఒక ముద్ద తెచ్చి ఆ మూకుట్లో పెట్టి, సాయంత్రం చాప మీద అడిగాడు.

“ఇంతకు ఏ సర్కారు మంచిగ చేసింది సార్? చివరి దేశం ఏదన్న ఉంటే చెప్పు.”

“సిలబస్ అయిపోయింది కాకా,” అన్నాడు సార్.

ఇప్పుడు కొలత కూడా ఎహసాన్‌దే. కానీ బస్తా ముట్టుకునే ముందు గుమ్మంలోకి వచ్చి, “కోయీ ఆవో, భాయ్,” అని పిలుస్తాడు. ఎవరైనా వచ్చి చూస్తేనే కొలుస్తాడు. వద్దని చెప్పి చూశారు. గురవయ్య చేతులు పట్టుకున్నాడు కూడా. వినలేదు. కోపమూ లేదు, ఎత్తిపొడుపూ లేదు. పిలుస్తాడు, అంతే. పిలిచినప్పుడు రూములో ఎవరికీ కాళ్ళు లేవవు. నర్సింగే వెళ్తాడు.

మొదటిరోజు అతను వెళ్ళి, బస్తాకి వీపు పెట్టి, గుమ్మం వైపు చూస్తూ నిలబడ్డాడు. వెనక గ్లాసు బియ్యంలోకి దిగిన చప్పుడైంది. పాత్రలో పడిన చప్పుడు కాలేదు.

“ఇధర్ దేఖో, భాయ్,” అన్నాడు ఎహసాన్ మెల్లిగా.

నర్సింగ్ తిరిగి చూసేదాకా అతను గ్లాసు వంచలేదు.